పట్టణ పటములో నేతవీధి యెక్కడ?

బళ్ళారి నగరములోను, జిల్లాలోని చిన్న పట్టణములలోను నేతవీధి ప్రక్కన క్రొత్త షెడ్డు గాని, జీన్సు ఉతుకు కర్మాగారము గాని, లేఔటు గాని లేచినప్పుడెల్ల మనవారు సంఘ కార్యాలయమునకు వచ్చి అడుగు ప్రశ్న యొకటే: “దీనికి పర్మిషన్ ఎవరిచ్చినారు?” ప్రశ్న న్యాయమైనదే. అడుగు వేళ మాత్రము మించినది. అప్పటికి పునాది పడి, గోడ మొలబంటి లేచి, కరెంటు స్తంభము కూడ పాతబడియుండును. మా సభ్యులలో వయసు మళ్ళిన ఒక ఆమె ఇటీవల కార్యాలయపు అరుగు మీద కూర్చుండి, “పేపర్లో యేసినారంటప్పా. మాకు పేపరెవరు సదివి సెప్తారు? గోడ లేసినాంక మనతో ఏమైతాది?” అని అడిగినది. ఆమె మాటలో ఈ వ్యవహారమంతయు ఉన్నది. నిర్ణయము ఇటుకలతో జరుగదు. అంతకు చాల ముందుగా కాగితము మీద జరిగిపోవును. ఆ కాగితము ఎక్కడ పుట్టును, ఎవరి బల్ల మీదుగా పోవును, మనము నోరు విప్పవలసిన తావు ఏది అను సంగతులను తెలిసినంత మట్టుకు ఇందు వ్రాయుచున్నాను.

ముందుగా ఒక మాట. ఇది జీన్సు పరిశ్రమకు వ్యతిరేకముగా వ్రాసినది కాదు. బళ్ళారి జీన్సు దేశమంతట అమ్ముడగు సరకు. మన నేత కుటుంబములలోనే తండ్రి మగ్గము మీద నుండగా కొడుకు జీన్సు కుట్టుపనికో, ఉతుకు శాఖకో పోవుచున్న ఇండ్లెన్నో కలవు. పండుగనాటికి ఆ యింట క్రొత్త బట్ట వచ్చునది ఒక్కొక్కప్పుడు మగ్గపు కూలితో కాదు, ఆ కొడుకు కూలితోనే. 2023 శాసనసభ ఎన్నికల ప్రచార సమయమున శ్రీ రాహుల్ గాంధీ బళ్ళారికి వచ్చి 5,000 కోట్ల రూపాయలతో జీన్సు వస్త్ర పార్కు ఏర్పరచుదుమని వాగ్దానము చేసినప్పుడు చప్పట్లు కొట్టినవారిలో మన పిల్లలును ఉన్నారు. కనుక “ఈ పరిశ్రమ వద్దు” అనుట మనకు కుదరదు, కూడదు కూడ. మనము అనవలసినది “ఈ పని ఈ తావున వద్దు, ఫలానా తావున పెట్టించుడు” అని. పట్టణ ప్రణాళికా చట్టములన్నియు అడుగు ప్రశ్న కూడ అదియే. పని మంచిదా చెడ్డదా అని ఆ చట్టములు విచారింపవు. ఆ పనికి ఆ నేల తగునా యని మాత్రమే విచారించును. ఈ భేదము తెలియక మనవారు పెట్టు అర్జీలు చాలవరకు చెత్తబుట్ట పాలగుచున్నవి.

మన నేలకు కావలసినవేమి?

ఇది మనకు తెలియనిదా అని పాఠకులు నవ్వవచ్చును. మనకు తెలియును, పటము గీయువారికి తెలియదు. వారి పటములో మన పేట పసుపురంగు పూసిన ‘నివాస మండలము’. అందులో మగ్గము కనబడదు. ఇంటి లోపల నేలను త్రవ్వి గుంటమగ్గము వేసికొన్న సంగతి, ఆ గుంటలో కాళ్ళు పెట్టుకొని మనిషి దినమునకు ఎనిమిది పది గంటలు కూర్చుండు సంగతి పటములో లేదు. ప్రక్క స్థలములో ఉతుకు తొట్లు కట్టి నీరు నిలువ చేసినను, మురుగు కాలువ పూడి పొంగినను, ఆ తేమ ముందుగా వచ్చి చేరునది మన గుంటలోనికే. వానకాలమున గుంట ఊటెక్కి మగ్గము వారముల తరబడి నిలిచిపోవుట మనకు అనుభవమే. వాన నీరు పోవును. రంగునీరు ఒకసారి నేలలోనికి దిగిన తరువాత పోదు.

ఇక వీధి సంగతి. నూలు పడుగును సాచి గంజి పట్టించి కుంచె తీయుటకు పొడవైన, తిన్నని, నీడగల వీధి కావలెను. తెల్లవారుజామున ఎండ ముదరకముందు ఆ పని ముగియవలెను. పటములో అది ‘రోడ్డు’. కర్మాగారమునకు ఆ రోడ్డు మీదుగా లారీలు నడుచునట్లు అనుమతి ఇచ్చినచో కాగితము మీద తప్పేమియు లేదు; పడుగు సాచువానికి మాత్రము బ్రతుకు తెరువు తెగినది. కొన్ని పేటలలో వీధి చివర ఖాళీ స్థలములో చింతచెట్ల క్రింద ఈ పని జరుగును. అది పటములో ‘ఖాళీ స్థలము’. ఖాళీ అనుమాట చూచినంతనే లేఔటు వేయువారికి ప్రాణము లేచివచ్చును.

ధూళి సంగతి బళ్ళారివారికి ఎవరును చెప్పనక్కరలేదు. సుప్రీం కోర్టువారు 2011 జూలై 29 వ తేదీన బళ్ళారి జిల్లాలో ఇనుప గనుల త్రవ్వకమును నిలిపివేసిన దినమునకు ముందు, ఖనిజపు లారీలు బారులు తీరి నడిచిన సంవత్సరములలో, దారి ప్రక్కన తెల్లనూలు ఆరవేసిన చేతులకు ఆ ఎఱ్ఱమన్ను ఎట్లంటెనో చూచినవారు ఇంకను మగ్గము మీద ఉన్నారు.

మనలను లెక్కించలేదని అనుటకు వీలులేదు. 2019–20 లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన దేశమున 31.45 లక్షల చేనేత కుటుంబములు, 35.22 లక్షల మంది పనివారు ఉన్నట్లు తేల్చినది. లెక్క ఢిల్లీలో నున్నది. ఆ లెక్క మన ఊరి పటమునకు దిగిరాలేదు.

నిర్ణయించువారు ఎవరు?

పూర్వము ఈ ప్రాంతమంతయు మద్రాసు రాష్ట్రములో నున్నప్పుడు 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము నడిచెడిది. ఆవిరితో గాని విద్యుచ్ఛక్తితో గాని నడుచు యంత్రములు పెట్టదలచినవారు ముందుగా మునిసిపల్ కౌన్సిలు అనుమతి పొందవలెనని ఆ చట్టములో ఉన్నది. ఎవరి వాకిట ఏమి వచ్చునో ఆ వార్డు కౌన్సిలరుకు తెలిసెడిది. మనము పోయి అతని వాకిట కూర్చుండెడివారము. 1953 అక్టోబరు 1 వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకును, తక్కిన బళ్ళారి జిల్లా మైసూరునకును చెందినవి. పిమ్మట మన వైపున 1961 లో మైసూరు చట్టముగా పుట్టి నేడు కర్ణాటక పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టమని పిలువబడునది వచ్చినది. ఈనాడు మనకు ముఖ్యమైనది ఇది.

ఇప్పుడు ఒక కర్మాగారము లేవవలెనన్న నాలుగు ద్వారములు దాటవలెను. పొలము భూమి అయినచో 1964 నాటి కర్ణాటక భూ రెవిన్యూ చట్టము ప్రకారము దానిని వ్యవసాయేతర భూమిగా మార్చుటకు డెప్యూటీ కమీషనరు ఉత్తరువు కావలెను. పట్టణ పటము, అనగా మాస్టరు ప్లాను, దానిలో మార్పులు ప్రణాళికా ప్రాధికారము చేతిలో నున్నవి. బళ్ళారిలో అది జనులు ‘బుడా’ యని పిలుచు నగరాభివృద్ధి ప్రాధికారము. కట్టడపు లైసెన్సు, వ్యాపారపు లైసెన్సు నగరపాలక సంస్థ లేక పురసభ ఇచ్చును. రంగునీరు వదలు పరిశ్రమయైనచో 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టము క్రింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కూడ ఉండవలెను. ఈ నాలుగు కార్యాలయములలో ఏ ఒకరిని అడిగినను తక్కిన ముగ్గురిని చూపుదురు. ఇది హాస్యమునకు వ్రాసినది కాదు.

మనవారు ఓటు వేసి పంపిన కార్పొరేటరు కూర్చుండునది నగరపాలక సంస్థలో. నేల దేనికి వాడవలెనను మొదటి నిర్ణయము మాత్రము ఆ సభలో జరుగదు. అది ప్రాధికారములో జరుగును. దాని అధ్యక్షుని నియమించునది రాష్ట్ర ప్రభుత్వము. 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన 74 వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలులో 18 విషయములను పురపాలక సంస్థలకు అప్పగించదగినవిగా చూపినది. వానిలో మొదటిది పట్టణ ప్రణాళిక. రెండవది భూ వినియోగము, కట్టడముల నియంత్రణ. ముప్పది సంవత్సరములు దాటినను ఆ మొదటి అంశము ఎన్నికైన సభ బల్ల మీదికి పూర్తిగా రాలేదు. మూడు లక్షలకు పైగా జనాభా గల పట్టణములలో వార్డు కమిటీలు ఉండవలెననియు ఆ సవరణలోనే యున్నది. 2011 జనాభా లెక్కలలోనే బళ్ళారి నాలుగు లక్షలు దాటినది. తన వార్డు కమిటీ ఎప్పుడు కూడినదో, ఏమి తీర్మానించినదో ప్రతి సభ్యుడు తన కార్పొరేటరును అడుగదగును.

వార్తాపత్రికలో చిన్న ప్రకటన

నివాస మండలముగా నున్న నేలను పరిశ్రమలకు గాని వ్యాపారమునకు గాని మార్చవలెనన్న 1961 చట్టములోని 14-ఏ సెక్షను ప్రకారము జరుగవలెను. ఆ సెక్షను మూడు షరతులు పెట్టినది. మార్పు ప్రజాహితమునకై ఉండవలెను. చట్టమునకు విరుద్ధముగా ఉండరాదు. ఆ ప్రాంతమున చెల్లుబడి యగు దినపత్రికలో ప్రకటించి ప్రజల అభ్యంతరములను కోరవలెను. ఈ మూడవ షరతులోనే మన హక్కంతయు ఇమిడియున్నది. ఆ ప్రకటన వెలువడిన దినము మొదలు అందు చెప్పిన గడువు ముగియు దినము వరకు మనము చట్టము దృష్టిలో మనుష్యులము. పిదప కేవలము ఇరుగుపొరుగువారము.

ప్రకటన కన్నడములో వచ్చును. ఇది మన జిల్లాలో ఒక ప్రత్యేకమైన చిక్కు. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెండ్రు. మన పిల్లలు బడిలో కన్నడమే చదువుచున్నారు. కాని అర్జీ పెట్టవలసిన పెద్దలలో చాలమంది తెలుగే చదువుదురు, కొందరు ఏదియు చదువరు. టెండరు నోటీసులకును, పేరు మార్పుల ప్రకటనలకును నడుమ అచ్చగు ఆ నాలుగు అంగుళముల ముక్కను చూడవలెనన్న దానిలో వచ్చు మాటలు తెలియవలెను. ‘భూ ఉపయోగ బదలావణె’ అనగా భూ వినియోగపు మార్పు. ‘మహాయోజనె’ అనగా మాస్టరు ప్లాను. ‘ఆక్షేపణెగళు’ అనగా అభ్యంతరములు. ఈ మూడింటిలో ఏది కనబడినను ఆ ముక్కను కత్తిరించి సర్వే నంబరు చూడవలెను. మన వీధి సర్వే నంబరు మనకు తెలియకున్న ఆ ప్రకటన మన చేతిలో నున్నను లేనట్లే.

మాస్టరు ప్లానునే క్రొత్తగా తయారు చేయునప్పుడు, లేక సవరించునప్పుడు, దానిని ప్రకటించి 60 రోజులు ప్రజాభిప్రాయము కోరుదురు. సవరణ పది సంవత్సరముల కొకసారి జరుగవలెనని చట్టము. ఈ 60 రోజులు ఒక్కొక్క దరఖాస్తు మీద పెట్టు పది అర్జీలకంటె విలువగలవి. ఏలయన ఆ పటములో నేతవీధి నేతవీధిగా ఎక్కినచో తరువాత వచ్చు ప్రతి దరఖాస్తును దానితో సరిచూడవలసియుండును.

ఈ అభ్యంతరములకు బలమున్నదా యని సందేహించువారికి బెంగుళూరులో జరిగిన ఒక వ్యాజ్యమును చెప్పెదను. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షనులో పార్కునకై విడిచిన స్థలమును ఒక ప్రైవేటు ఆసుపత్రి కట్టుకొనుటకు ఇచ్చిరి. పైవారి సిఫారసు ఉన్నది. ఆసుపత్రి కూడ మంచి పనియే. అచ్చటి నివాసులు హైకోర్టునకు పోయిరి. 1991 లో సుప్రీం కోర్టు, బెంగుళూరు మెడికల్ ట్రస్టు వ్యాజ్యములో, ఆ కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పినది. ప్రజలందరికై పటములో విడిచిన స్థలమును ఒక ప్రైవేటు సంస్థకు మార్చి యిచ్చు అధికారము ప్రభుత్వమునకు గాని ప్రాధికారమునకు గాని లేదనియు, ఆ పేటలో కాపురముండువారికి దీనిని ప్రశ్నించు హక్కు కలదనియు ఆ తీర్పు సారాంశము. ఆ నివాసులు ఆసుపత్రి చెడ్డదని వాదించలేదు. తావు తప్పని వాదించిరి.

అర్జీలో ఏమి వ్రాయవలెను?

మన కార్యాలయమునకు వచ్చు ముసాయిదాలలో సాధారణముగా మూడు సంగతులుండును: మేము బీదలము, దరఖాస్తుదారుడు పలుకుబడి గలవాడు, కావున దయచేసి ఆపవలెను. ఇవి మూడును నిజమే కావచ్చును. ఒకటియు పనికిరాదు. అర్జీ చదువు అధికారి ఫైలులో వ్రాసికొనదగిన సంగతి కావలెను. ఆ స్థలమునకు ఎన్ని గజముల దూరములో ఎన్ని ఇండ్లున్నవి, వానిలో ఎన్ని గుంటమగ్గములున్నవి. వీధి వెడల్పు ఎన్ని అడుగులు, దానిలో లారీ తిరుగునా. మురుగు కాలువ ఎచ్చటికి పోయి కలియును. త్రాగునీటి బోరు ఎంత దూరములో నున్నది. పడుగు సాచు తావు ఏది, ఏ వేళ వాడుదురు. ఇంతయు ఒక పుటలో వ్రాసి, చేతితో గీసిన పటము ఒకటి జతపరచి, మగ్గము గల ప్రతి యింటివారు సంతకము గాని వేలిముద్ర గాని వేసి, నేత గుర్తింపు కార్డు సంఖ్య వ్రాసినచో ఆ కాగితమును త్రోసిపుచ్చుట అంత సులభము కాదు. ఇచ్చిన వెంటనే ‘స్వీకృతి’, అనగా అందినట్లు ముద్ర వేసిన రసీదు, తీసికొనవలెను. తరువాత దాని మీద ఏమి నిర్ణయించిరో వ్రాతమూలకముగా ‘హింబరహ’ కోరవలెను. ఇయ్యకున్న 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయలు కట్టి అడుగవచ్చును. 30 రోజులలో జవాబు రావలెను. కర్ణాటక నియమముల ప్రకారము ఆ దరఖాస్తు ఒకే విషయముపై, 150 మాటలకు మించక యుండవలెను. మనవారికి 150 మాటలలో ఆపుట కష్టమే, అయినను తప్పదు.

కాలువ లేదు, కట్టుటకు డబ్బు లేదు అని పురపాలకులు చెప్పినచో, 1980 లో రత్లాం మునిసిపాలిటీ వ్యాజ్యమున సుప్రీం కోర్టు చెప్పినది జ్ఞాపకము చేయవచ్చును. మధ్యప్రదేశములోని ఆ ఊరిలో సారాయి కర్మాగారపు మురుగును తెరపికాలువల కంపును భరించలేక వీధివారు వ్యాజ్యము వేసిరి. డబ్బు లేదను సాకుతో మునిసిపాలిటీ తన విధిని తప్పించుకొనజాలదని జస్టిస్ కృష్ణయ్యరు గారు తీర్పు వ్రాసిరి.

తావు తప్పిన చోట జరుగునది

తమిళనాడులోని తిరుప్పూరును మనలో చాలమంది చూచియున్నారు, నూలుకొరకో పనికొరకో పోయినవారున్నారు. అచ్చట అద్దకపు శాఖలు వందలకొలది లేచి రంగునీరు నొయ్యల్ నదిలోనికి వదలినవి. దిగువన సేద్యమునకై కట్టిన ఒరత్తుపాళెయం ఆనకట్ట వెనుక నీటికి బదులు రంగునీరు నిలిచినది. దానిని పొలములకు వదలవద్దని రైతులే పోరాడవలసి వచ్చినది. 2009 లో సుప్రీం కోర్టు కూడ రైతుల పక్షమే చెప్పినది. తుదకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు, మురుగు చుక్క బయటికి వదలని ఏర్పాటు పూర్తియగు వరకు ఏడు వందలకు పైగా అద్దకపు శాఖలను మూసివేయవలెనని ఆజ్ఞాపించినది. ఒక్క దినమున ఆ పని ఆగినది. నష్టపోయినది ఎవరు? మొదట రైతు. తరువాత అద్దకములో కూలి చేయువాడు. అద్దకపు నూలు అందక అల్లికవాడు, కుట్టువాడు. ప్రారంభములోనే ఆ శాఖలను ఒక తావున చేర్చి, ఉమ్మడి శుద్ధి కేంద్రము కట్టి, ఆ పిదప లైసెన్సులు ఇచ్చియున్న ఇంత దూరము రాదు. అనుమతి ఇచ్చినప్పుడు ఎవరును అడ్డుపడకపోవుట కూలివానికి మేలు చేయలేదు.

బళ్ళారిలోను జీన్సు ఉతుకు శాఖలకు కాలుష్య మండలివారు మూసివేత నోటీసులిచ్చుట ఇటీవలి సంవత్సరములలో చూచుచున్నాము. జల చట్టమునకు 1988 లో జరిగిన సవరణ వలన వారు కరెంటును నీటిని కూడ నిలిపివేయింప గలరు. మూసివేసిన మరునాడు పని లేక ఇంటికి వచ్చువాడు మన పిల్లవాడే. కనుక ఉతుకు శాఖలు ముండ్రిగి పారిశ్రామిక ప్రాంతము వంటి తావులలో ఉమ్మడి శుద్ధి కేంద్రముతో నుండవలెనని మనము కోరుట, మన గుంటమగ్గమును కాపాడుకొనుటయే కాదు. వాని కూలిని కూడ కాపాడుటయే.

మన యింటి సంగతి కూడ కొంత చెప్పుకొనవలెను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016 లో చేసిన వర్గీకరణలో అద్దకము, చలువ చేయుట లేని చేనేతను తెలుపు వర్గములో, అనగా హానిలేని పనులలో చేర్చినది. అద్దకమును, రంగునీరు వదలు వస్త్ర శుద్ధిని ఎఱుపు వర్గములో చేర్చినది. మగ్గము తెలుపు, మగ్గము ప్రక్కన పెరటిలో పెట్టిన రంగుల తొట్టి ఎఱుపు. మన అద్దకపువారు చిన్న తొట్లతో చేయు పనిని పెద్ద ఉతుకు శాఖతో ఒక గాటను కట్టుట న్యాయము కాదని నా అభిప్రాయము. అయినను ఎదుటి దరఖాస్తుదారుడు న్యాయవాదిని పెట్టుకొని వచ్చి, “వీరి పెరటి నీరు ఎచ్చటికి పోవుచున్నది?” అని విచారణలో అడిగినచో జవాబు మనయొద్ద నుండవలెను. ఒక్కొక్క ఇంటిలో వేరు వేరుగా కాక, సంఘము తరపున ఒక ఉమ్మడి అద్దకశాలను తగిన తావున, నీటి శుద్ధితో కట్టించుకొనవలెనని మన సభలలో పలుమారు మాట వచ్చినది. స్థలము అడుగవలసినది కూడ ఈ మాస్టరు ప్లాను సవరణ వేళనే.

మరమగ్గపు షెడ్లను గూర్చి వేరుగా వ్రాయదగినది చాల ఉన్నది. ఇక్కడ ఒక్కటి చాలును. నివాస మండలములో గృహ పరిశ్రమలకు ఇచ్చు సడలింపు చేతిమగ్గమునకును, ఇంటివారి చిన్నపాటి పనులకును ఉద్దేశింపబడినది. దాని చాటున ఇరువది మరమగ్గములు వేయు షెడ్డును ‘ఇల్లు’ అని చూపి లైసెన్సు తీసికొనుట ఎక్కడనైన జరిగినచో, అభ్యంతరము వ్రాయవలసినది శబ్దమును గూర్చి కాదు. ఆ పేరును గూర్చి.

సభ్యులు, కార్పొరేటర్లు

నిర్ణయించువారి కష్టము కూడ మనము తెలిసికొనవలెను. ఒక కార్పొరేటరు ఎదుట ఒక ప్రక్క రెండు వందల మందికి పని యిత్తునను దరఖాస్తుదారుడు, మరియొక ప్రక్క నలుబది మగ్గముల వీధి నిలుచుందురు. ఇద్దరును ఓటర్లే. ఇట్టి వేళ చాలమంది చేయునది ఫైలును వాయిదా వేయుట, లేక అందరును చూడనప్పుడు సంతకము చేయుట. దీనికి మందు బహిరంగమైన విచారణ. మనము వారిని కోరదగినవి పెద్దవేమియు కావు. నిర్ణయమునకు ముందు స్థలమును వచ్చి చూడవలెను. అదియు మధ్యాహ్నము కారులో కాదు, పడుగు సాచు వేళ, తెల్లవారి ఆరు ఏడు గంటల నడుమ. అభ్యంతరములు ఒప్పుకొన్నను త్రోసివేసినను కారణములు వ్రాయవలెను. అనుమతి ఇయ్యక తప్పనిచో షరతులు పెట్టవలెను: లారీలకు వేరు త్రోవ, పని గంటల నియమము, నీరు బయటికి రాని తొట్టి. షరతులు కాగితము మీద ఉన్నచో, అవి తప్పిన దినమున మనము అడుగుటకు ఆధారముండును.

అంతటను విఫలమైనచో ధారవాడలోని హైకోర్టు పీఠము కలదు; కాలుష్యపు విషయమైనచో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునలు కలదు. అంతవరకు పోవువాని రైలు ఛార్జీలు, వకీలు ఫీజులు, పని చెడిన దినములు లెక్కించినచో గడువులోపల ఇచ్చిన ఒక పుట అర్జీ ఎంత చవకయో తెలియును.

సరిహద్దున కావలి వైపు, రాయదుర్గము, ఉరవకొండ, ఆదోని, ఎమ్మిగనూరులలో నున్న మన బంధువులకు చట్టము వేరు. అచ్చట 1920 నాటి పట్టణ ప్రణాళికా చట్టముతోపాటు, 2016 నాటి ఆంధ్ర ప్రదేశ్ మహానగర ప్రాంత, పట్టణాభివృద్ధి ప్రాధికారముల చట్టము నడుచుచున్నది. పటము మార్చుటకు ముందు ప్రకటన, అభ్యంతరములు అచ్చటను ఉన్నవి. ప్రకటన తెలుగులో వచ్చును గనుక వారికి మన చిక్కు లేదు. పెండ్లిండ్లకు కలిసికొనునప్పుడు ఈ మాట కూడ ఒకటి చెప్పుకొనుట మంచిది.

సంఘము తరపున చేయదలచిన పనిని తెలిపి ముగించెదను. వీధికొకరు చొప్పున, కన్నడము చదువ నేర్చిన పదవ తరగతి పై పిల్లలను ఏర్పరచి, దినపత్రికలలోని ప్రకటనల పుటను చూచుచుండుమని చెప్పదలచినాము. ఆడపిల్లలు ముందుకు వచ్చినచో మరియు సంతోషము. ఈ పనికి వారే నిదానము గలవారు. ప్రతి వీధివారు వీధి పేరు, సర్వే నంబరు, ఇంటి నంబర్లు, మగ్గముల సంఖ్య, వీధి పొడవు వెడల్పు, పడుగు సాచు తావు, బోరు బావులు, మురుగు కాలువ పోవు దిక్కు వ్రాసి కార్యాలయమునకు ఇయ్యవలెను. కొలత టేపు కార్యాలయమున దొరకును. వీనినన్నింటిని ఒక రిజిస్టరులో ఎక్కించి, ఒక ప్రతిని ప్రాధికారమునకు, ఒక ప్రతిని నగరపాలక సంస్థకు, ఒక ప్రతిని జిల్లా చేనేత జౌళి శాఖకు స్వీకృతి పొంది ఇచ్చెదము. అభ్యంతరపు అర్జీ నమూనా కన్నడములో వ్రాయించి ఉంచబడినది. అర్థము తెలిసికొని సంతకము చేయగోరువారి కొరకు తెలుగు ప్రతియు దానితో కుట్టబడియున్నది.